వైఫై రాకపోతే ముందు చిప్ పేరు చూడండి

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 11 వేశాను. వైఫై కనిపించడం లేదు. రెండు డ్రైవర్లు ఎక్కించినా లాభం లేకపోయింది. విండోస్‌లో బాగానే పనిచేసేది. కొత్త కార్డు కొనాలా? – ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: డబ్బు ఖర్చు పెట్టకండి, డ్రైవర్లు వెతకడమూ ఆపండి. డ్రైవర్ చాలావరకు లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది. తరచూ కొరవడేది ఫర్మ్‌వేర్, అంటే ఆన్ చేయగానే కార్డులోకి ఎక్కాల్సిన తయారీదారు ఫైలు. దాని సోర్సు బయటపెట్టరు కాబట్టి డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో దాన్ని చాలా ఏళ్లు చేర్చలేదు. 2022లో సభ్యుల ఓటుతో ఆ పద్ధతి మారింది, 2023 నాటి డెబియన్ 12 నుంచి చేరుస్తున్నారు. మీది 11 కాబట్టి నా అనుమానం దానిమీదే.

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టి చిప్ పేరు చూడండి, యూఎస్‌బీ డాంగిల్ అయితే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ. ఐడీ 0బీడీఏతో మొదలైతే అది రియల్‌టెక్. పెట్టె మీది పేరు నమ్మొద్దు, ఒకే మోడల్‌లో చిప్పులు మారిపోతుంటాయి. విండోస్‌లో పనిచేసిందంటే కార్డు అప్పటికి బాగుందనే అర్థం, లినక్స్‌లో లోపముందని కాదు. మరి నెట్ లేకుండా ఫైలు ఎలా దించుకోవాలి? ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. సాఫ్ట్‌వేర్ సోర్సుల్లో నాన్-ఫ్రీ విభాగం చేర్చి, మీ చిప్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి. అంతకన్నా ముందు, మీరు ఎక్కించిన ఆ రెండు డ్రైవర్లనూ తీసేయండి.