చీర పుట్టుక మొదలు గిట్టువరకు

పోచంపల్లి చీరను చేతబట్టి, "ఇది కరెంటు ముట్టని వస్త్రము, దీనివలన ప్రకృతికి హాని యేమి?" అని పలువురు అడుగుచుందురు. గుంట మగ్గమునకు విద్యుత్తు అక్కరలేదన్నమాట నిజమే. అయితే నూలు మగ్గమెక్కునప్పటికే చీర జీవితములో చాలభాగము గడచిపోయియుండును. ఆ కథను కూడ లెక్కించినగాని ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఒక వస్తువుయొక్క ముడిసరుకు నేలనుండి వచ్చినది మొదలు, అది చినిగి మట్టిలో కలియువరకు ఎంత నీరు, ఎంత ఇంధనము ఖర్చగునో, ఎంత పొగ, ఎంత మురుగు వెలువడునో లెక్కగట్టుటను జీవితచక్ర పరిశీలన అందురు. 1969లో అమెరికాలో కోకాకోలా కంపెనీ తన పానీయపు సీసాలను, డబ్బాలను పోల్చుటకు చేయించిన లెక్క ఇట్టివానిలో తొలిదానిగా పేరొందినది. 1997లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్.ఓ. 14040 అను పేర దీనికి నియమములు వెలువరించి, 2006లో సవరించినది. పేరు పెద్దదే గాని, పని మన ఇంటి పద్దుపుస్తకమువంటిదే.

నూలు చీర పద్దు పత్తిచేనిలో మొదలగును. ఒక జీన్సు ప్యాంటు జీవితకాలమునకు 3,781 లీటర్ల నీరు పట్టునని, అందు నూటికి 68 పాళ్లు చేనిలోనే ఖర్చగునని లీవై స్ట్రాస్ కంపెనీ 2015లో ప్రకటించినది. ఆ సంఖ్యను తెచ్చి మన చీరకు తగిలించరాదు. తెలంగాణ మెట్టలలో పత్తి చాలవరకు వానమీద పండును. ఇచట నీటికంటె ఎరువుల, పురుగుమందుల పద్దు ముఖ్యము. తరువాత నూలుమిల్లు విద్యుత్తు.

పిదప ఆసుపోయుట. స్త్రీలు ఒక్కొక్క చీరకు వేలమార్లు చేయి ఆడించి నూలును మేకులచుట్టు త్రిప్పెడివారు. ఆలేరు ప్రాంతమువారైన చింతకింది మల్లేశము తన తల్లి భుజముల నొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. ఈ యంత్రము కరెంటుతో నడచును గనుక లెక్క వ్రాయువాడు దానిని భారము క్రిందనే చూపును. ఆ తల్లుల భుజములకు ఈ పద్దులో గడి లేదు. ఇది ఈ శాస్త్రమునకు గల లోపమని మా అభిప్రాయము.

అసలు భారము రంగుతొట్టివద్ద నున్నది. చిటికి పనిలో నూలును కట్టి, ముంచి, విప్పి, మరల కట్టి మరియొక రంగున ముంచవలెను. ప్రతి ముంపు తరువాతను కడుగుట తప్పదు. నూలుకు వాడు రియాక్టివు రంగులలో కొంత దారమునకు పట్టక కడిగిన నీటిలో పోవును. రంగు పట్టుటకు వేసిన ఉప్పు దాదాపు అంతయు ఆ నీటితోనే పోవును. పట్టుకైన మరియొక బెడద: ముడిపట్టును సబ్బుతో, సోడాతో ఉడికించినపుడు కిలోకు రమారమి 200 మొదలు 250 గ్రాముల జిగురు కరగి నీటిలో చేరును. రంగునీరు గుంటలో ఇంకి కంటికి కనబడకపోవచ్చును గాని, ఉప్పు ఇంకుటతో మాయము కాదు, బావికి చేరును. ఫ్లోరైడు నీటితో తరతరములుగా బాధపడిన నల్గొండ ప్రాంతమునకు ఇది చిన్న సంగతి కాదు. హానికరమైన కొన్ని అజో రంగులను కేంద్ర ప్రభుత్వము 1997లోనే నిషేధించినది. పేరులేని పొట్లములలో రంగు కొనుట ఇందుచేతనే ప్రమాదము.

ఇక పోల్చుట ఎట్లు? చిటికి నమూనాను మిల్లుగుడ్డపై అచ్చువేసిన చీరలు చౌకగా దొరకుచున్నవి. చీరకు చీర పోల్చినచో అచ్చుచీరకు నీరు తక్కువ పట్టినట్లు తేలవచ్చును. కాని ఒకటి 25 మార్లు కట్టగనే వెలిసి, రెండవది 200 మార్లు కట్టుటకు నిలిచెననుకొందము. రెండవదానికి రెట్టింపు నీరు పట్టినను, కట్టిన ఒక్కొక్క మారునకు లెక్కించిన అది మొదటిదానిలో నాలుగవవంతే యగును. కనుక కొలత "ఒక చీర" అని గాక "ఒకమారు కట్టుట" అని యుండవలెను. పాతనూలుచీర ఉయ్యాలయై, బొంతయై, తుదకు మట్టిలో కలియును. పాలిస్టరు అట్లు కుళ్లిపోదు.

నేత కుటుంబములు, సహకార సంఘములు ఈ లెక్కను రంగుతొట్టివద్దనే ప్రారంభింపవచ్చును. నూలు, రంగు, ఉప్పు తూచి, నీటిని బిందెలతో కొలిచి, కట్టెలో గ్యాసో ఎంత కాలినదో చీరవారీగా వ్రాయవలెను. చివరి కడుగు నీరు దాదాపు తేటగనే యుండును. దానిని పారబోయక, అదే రంగుతో ముంచిన తరువాతి నూలుకు మొదటి కడుగుగా వాడి, ఆ దినమున ఎన్ని బిందెలు మిగిలెనో ఆ పుస్తకములోనే ప్రక్కన వేయవలెను.