ఏప్రిల్ పంటకు రేపటి ఎండను లెక్కగట్టేదెట్లా?

ఈసారి పాఠం ముఖ్యంగా కొత్త షెడ్డుకు లోను కోసం తిరుగుతున్నవాళ్లకు.

షెడ్డు కడితే ముప్పై ఏండ్లు నిలబడాల. మల్బరీ నాటితే పదిహేనేండ్లు కోస్తాం. కప్పు ఏది వేయాల, ఏప్రిల్‌లో బైవోల్టిన్ పెట్టాలా సి.బి. పెట్టాలా అనేది ఈ ఒక్క ఏడాది ఎండను చూసి తేల్చితే చాలదు.

ముందు పురుగు గీత ఎక్కడుందో చూద్దాం. చాకీ పురుగుకు 27-28 డిగ్రీల వేడి, 85-90 శాతం తేమ బాగుంటుంది. నాలుగో జ్వరం లేచిన పురుగుకు 24-25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. 30 దాటితే మేత తగ్గుతుంది, ఫ్లాచరీ, గ్రాసరీ తొందరగా తగులుకుంటాయి, గూడు పలచబడుతుంది. మొత్తం ఆకులో నూటికి 80 పాళ్లు తినేది కూడా ఆ ఏడెనిమిది రోజుల్లోనే. కాబట్టి "వాతావరణం ఎంత వేడెక్కుతుంది?" అనేది మన ప్రశ్న కాదు. ఆ వారంలో ఎన్ని పగళ్లు గీత దాటుతాయి, ఎన్ని రాత్రులు షెడ్డు చల్లబడకుండా పోతుంది అన్నదే మన ప్రశ్న.

రాత్రి మాట ఊరికే అనలేదు. కేంద్ర భూ విజ్ఞాన శాఖ 2020లో తెచ్చిన నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశం సగటు వేడి దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచం పొగను తగ్గించకపోతే ఈ శతాబ్దం ఆఖరుకు, 1976-2005తో పోలిస్తే, వేడి పగళ్లు 55 శాతం, వేడి రాత్రులు 70 శాతం పెరుగుతాయని అంచనా. పగలు కాగిన షెడ్డుకు రాత్రే కదా ఊపిరి. అయితే ఇది దేశమంతటికీ వేసిన లెక్క, అదీ అన్నిటికన్నా చెడ్డ దారి పట్టుకుని వేసినది. దీన్ని తెచ్చి మన షెడ్డు మీద అట్లే రుద్దకూడదు.

ప్రాంతానికి వేసే లెక్కలు వేరే ఉన్నాయి. దక్షిణాసియాకు కార్డెక్స్ అనే పద్ధతిలో చేసినవాటిలో చాలావరకు దాదాపు 50 కిలోమీటర్ల చదరానికి ఒక అంకె ఇస్తాయి. 1478 మీటర్ల నంది కొండ, కింద శిడ్లఘట్ట బయలు రెండూ ఒకే చదరంలో పడొచ్చు. అందుకే మోడల్ "33 డిగ్రీలు" అంటే ఆ 33ను పట్టుకోవద్దు. ఎప్పుడూ రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించే తక్కెడ మన దగ్గర ఉందనుకోండి. నిన్నటి తూకం, ఈరోజు తూకం రెండూ తప్పే, కానీ వాటి మధ్య తేడా సరిగానే ఉంటుంది. అట్లే మోడల్‌లో పాత ఏండ్లకూ రాబోయే ఏండ్లకూ ఉన్న తేడాను తీసుకుని మన పుస్తకంలోని అంకెలకు కలపాల.

ఒక ఉదాహరణ (అంకెలు మేము ఊహించినవి). పోయిన ఏప్రిల్ 30 రోజుల్లో మీ షెడ్డు 30 డిగ్రీలు దాటింది 12 రోజులు. మరో 5 రోజులు 29కీ 30కీ మధ్య ఆగింది, ఇంకో 6 రోజులు 28కీ 29కీ మధ్య. మోడళ్లు చూపించే తేడా ఒకటి నుంచి రెండు డిగ్రీలు అనుకుందాం. ఒకటి కలిపితే 17 రోజులు, రెండు కలిపితే 23. చూడడానికి చిన్న తేడానే, చెడ్డ రోజులు మాత్రం దాదాపు రెండింతలు. ఒక్క మోడల్‌ను ఎప్పుడూ నమ్మొద్దు, తక్కువదీ ఎక్కువదీ రెండూ అడగాల. వేడి విషయంలో మోడళ్లన్నీ ఒకే దిక్కు చూపిస్తాయి. వాన విషయంలో అంత పొత్తు లేదు, అందుకని బోరు లెక్క దీని మీద వేయకండి.

కె.వి.కె.లోనో, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాతావరణ విభాగంలోనో ఇట్లా అడగండి: "మా తాలూకాకు ఏప్రిల్ పగలు, రాత్రి వేడి 1976-2005కూ 2031-2060కీ మధ్య ఎంత తేడా? మోడళ్లలో తక్కువ ఎంత, ఎక్కువ ఎంత?"

ఎండ ఊరంతటికీ ఒకటే, నష్టం మాత్రం షెడ్డును బట్టి. రేకుల కింద సీలింగు లేని షెడ్డు, పైన గాలి పోయే సందు ఉండి చుట్టూ చెట్లున్న షెడ్డు ఒకే ఎండకు ఒకే తీరుగా కాగవు. కోలారు, హొసూరు పక్క ఏప్రిల్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కిటికీలకు తడి గోనెలు పని చేస్తాయి. యానాం లాంటి తీరం గాలిలో అవి అంతగా చల్లబరచవు, పైగా తేమ పెంచుతాయి. ఒడిశాలో చెట్ల మీద టసర్ పెంచేవాళ్లకు షెడ్డే లేదు, వాళ్ల లెక్క ఇంకో పాఠంలో చెప్పుకుందాం.

ఈ లెక్కకు మన పుస్తకమే మూలం. గరిష్ఠ, కనిష్ఠ వేడి చూపించే థర్మామీటరు ఒకటి బెడ్డు ఎత్తులో, ఒకటి బయట నీడలో కట్టండి. తెల్లవారి మేత వేసేముందు నాలుగు అంకెలూ రాసి, పక్కనే ఆరోజు పురుగు ఎన్నో జ్వరంలో ఉందో రాయండి.