నిత్యము చదువుకొనుటకు ఏ బ్రౌజరు మేలు?

మన సంఘసభ్యులలో ననేకులు నేడు మదనపల్లె టమోటా ధరను, వానజాడను, మీభూమిలోని అడంగలును చేతిఫోనులోనే చూచుకొనుచున్నారు. ఆ పుటలను తెరచి చూపు సాధనమే బ్రౌజరు. ఫోనుతో వచ్చినదానినే వాడనక్కరలేదనియు, ఇష్టమైనదానిని ఎంచుకొనవచ్చుననియు పలువురెరుగరు. విత్తనమును మొలకగట్టి చూచి గాని చల్లని రైతు దీనినేల పరీక్షింపరాదు?

మొదట జాతిని గూర్చి చెప్పెదము. క్రోము, ఎడ్జి, బ్రేవు, ఓపెరా, శాంసంగు ఇంటర్నెట్టు అని పేర్లు వేరైనను, ఆండ్రాయిడు ఫోనులలో ఇవన్నియు క్రోమియమను నొకే మూలముపై కట్టబడినవి. నాటుమామిడి మొక్కపై నొకరు బెంగుళూరాను, ఒకరు బేనీషాను అంటుగట్టినట్లే. ఫైరుఫాక్సు మూలము వేరు. కావున క్రోములో సరిగా తెరచుకొనని పుటను బ్రేవులో తెరచుటవలన ప్రయోజన మల్పము, ఫైరుఫాక్సులో చూడవలెను. (ఐఫోనులో మాత్రము, మన దేశమున, ఏ పేరు పెట్టుకొన్నను లోపలిది సఫారి మూలమే.)

తెలుగు అక్షరముల కష్టము పెద్దలకు జ్ఞాపకముండును. 2000 తరువాత కొన్ని యేండ్లు తెలుగు పత్రికలు తమ తమ సొంత ఫాంటులతో పుటలు వేసెడివి. ఆ ఫాంటు లేనివారికి అర్థములేని గుర్తులే కానవచ్చెడివి. వెన్న నాగార్జునగారు రచించిన ‘పద్మ’ యను పొడిగింపు ఫైరుఫాక్సులో వానిని యూనికోడులోనికి మార్చి చూపెడిది. బొత్తాముల ఫోనులలో ఓపెరా మినీ వాడినవారు చిరునామా గడిలో ‘ఓపెరా:కాన్ఫిగ్’ అని కొట్టి, క్లిష్టలిపులను బొమ్మలుగా చూపు ఏర్పాటును తెరచి, ఖాళీ గడులకు మారుగా తెలుగును చదివిరి. ఈ తంటాలు నేడు లేవు. నేటి బాధ అక్షరము సన్నమగుటయు, ప్రకటనలు అడ్డుపడుటయు.

దీనికి ఫైరుఫాక్సు మేలని మా యభిప్రాయము. అందు చాల వ్యాసములకు చదువు వీక్షణము కలదు. అది ప్రకటనలను తీసివేసి, అక్షరమును పెద్దదిచేసి చూపును. యూబ్లాక్ ఆరిజిన్ అను పొడిగింపును చేర్చుకొన్నచో డేటా కూడ మిగులును. ఫోనులోని క్రోము ఇట్టి పొడిగింపులను చేర్చుకొననీయదు. అక్షరము పెంచుకొను వీలు మాత్రము సెట్టింగులలో నున్నది. అయినను క్రోమును తీసివేయవలదు. కొన్ని కార్యాలయముల పుటలు దానిలోనే సరిగా నడచును. ఓపెరా మినీ డేటాను మిక్కిలి పొదుపుచేయును గాని, ఆ గట్టి పొదుపులో పుట ఆ కంపెనీ యంత్రముల మీదుగా వచ్చును. బ్యాంకు పనికి దానిని వాడరాదు.

ఇక సొమ్ము సంగతి. పి.ఎం. కిసాన్ పేరిట వాట్సాపులో దొంగలంకెలు వచ్చుచున్నవి. ఏ బ్రౌజరైనను చిరునామాను పూర్తిగా చదువుడు. మొదటి గీతకు ముందున్న పేరు ‘గవ్ డాట్ ఇన్’ అని ముగియనిచో ఆధారు సంఖ్యను వ్రాయకుడు. తాళపుగుర్తును చూచి నమ్మరాదు. ఉత్తరమును దారిలో ఇతరులు విప్పి చదువజాలరని మాత్రమే దాని యర్థము. అందుకొనువాడు దొంగయో దొరయో అది చెప్పదు. ఏ పుటయైనను ఏపీకే ఫైలును దింపుకొమ్మన్నచో వెంటనే మూసివేయవలెను.

ప్లేస్టోరునుండి నెలకొకసారియైనను బ్రౌజరును నవీకరించుడు. ఎంచుకొన్నదానిని సెట్టింగులలో డిఫాల్టుగా నిర్ణయించుడు. లేనిచో వాట్సాపునుండి నొక్కిన లంకెలు పాతదానిలోనే తెరచుకొనును.