బావి పూడిక తీయునపుడు జారిపడు రాయి దెబ్బ

బాలానగర్ పరిసరముల నేలక్రింద గ్రానైటు రాయి కలదు. అట్టి నేలలో త్రవ్విన బావి పూడిక తీయునపుడు తట్టనుండి రాయి జారిపడవచ్చును. దాని దెబ్బ ఎంతటిదో రైతు సోదరులు సులభముగా అంచనా వేయవచ్చును.

రాయి బరువును అది పడిన ఎత్తుతో గుణించి, తగిలిన పిమ్మట ఆగుటకు పట్టిన దూరముతో భాగింపవలెను. 1 కిలో రాయి 10 మీటర్లు, అనగా 1000 సెంటీమీటర్లు పడి, 1 సెంటీమీటరులో ఆగినచో సగటు దెబ్బ సుమారు 1000 కిలోల బరువుకు సమానము. అదే రాయి బురదలో 20 సెంటీమీటర్లు దిగి ఆగినచో 50 కిలోలే. తలకు తగిలినపుడు ఆగు దూరము మిక్కిలి తక్కువ, కనుకనే ప్రాణాపాయము.

హెల్మెట్టు ఆ దూరమును కొంత పెంచును గాని, పెద్ద రాయి దెబ్బనుండి కాపాడలేదు. కావున తట్టను అంచువరకు నింపరాదు. గట్టుపై రాళ్ళు ఉంచరాదు. తట్ట పైకి పోవునపుడు దాని క్రింద ఎవ్వరును నిలువరాదు.