రెండోవాణ్ని కూడా చూసి రా

నెల్లూరు,
బుధవారం రాత్రి.

చిరంజీవి చిన్నాకి,

నిన్న నువ్వు ఫోన్లో "ఆదివారం కబ్బన్ పార్కులో బెంగళూరు ఓపెన్ టెన్నిస్ ఫైనల్ ఉందత్తా, ఫ్రెండ్ పాస్ ఇస్తానన్నాడు, కానీ ఆడేవాళ్లలో ఒక్క పేరూ తెలీదు, పోవాలా వద్దా" అని అడిగావు. నేను బస్సు దిగే తొందరలో "పోరా అబ్బయ్యా" అనేసి పెట్టేశాను. ఆ ఒక్క మాటతో ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేస్తే శనివారానికల్లా నీ చేతికొస్తుంది.

ముందు పేర్ల సంగతి. అదే కోర్టులో 2018 నవంబరులో జరిగిన ఫైనల్లో ఒకవైపు మన సాకేత్ మైనేని, ఇంకోవైపు చెన్నై కుర్రాడు ప్రజ్ఞేశ్ గుణేశ్వరన్. ప్రజ్ఞేశ్ 6-2, 6-2తో గెలిచాడు. సాకేత్ ఉయ్యూరులో పుట్టి, విశాఖలో పెరిగినవాడు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016లో క్వాలిఫయింగ్ నెగ్గి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు. ఇంత చేసినవాడి పేరు మన ఊళ్లో పదిమందిని అడుగు, ఎంతమంది చెప్తారో. పేరు తెలియకపోవడం ఆడేవాళ్ల లోపం కాదురా. మనం అటు చూడలేదు, అంతే.

నువ్వు చూడబోయేదాన్ని చాలెంజర్ అంటారు. టీవీలో వచ్చే పెద్ద టోర్నీల కింది మెట్టు. దానికీ కింద ఐటీఎఫ్ టోర్నీలు. పదిహేను వేల డాలర్ల ఐటీఎఫ్ టోర్నీలో వారమంతా ఆడి గెలిచినవాడికి 2024లో దక్కింది 2,160 డాలర్లు, 15 ర్యాంకింగ్ పాయింట్లు. మొదటి రౌండ్లోనే ఓడితే 156 డాలర్లు, పాయింట్లు సున్నా. అందులోంచే పన్ను, గది అద్దె, తిండి, తర్వాతి ఊరికి టికెట్. బంతులు అందించే పిల్లలు లేని కోర్టుల్లో తమ బంతులు తామే ఏరుకుంటూ ఆడతారు. అక్కణ్నుంచి ఏళ్లకేళ్లు ఎక్కి వస్తే చాలెంజర్. చాలెంజర్ 100 అని బోర్డు మీద ఉంటే గెలిచినవాడికి వంద పాయింట్లు, ఫైనల్లో ఓడినవాడికి యాభై. ఆదివారం నీ కళ్ల ముందు తేలేది ఆ తేడానే.

ఆ తేడా ఎంతదో నేను ఒకసారి దగ్గర్నుంచి చూశాను. సగమే చూశాననాలి. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

2024 ఫిబ్రవరి 11. తెల్లవారుజాము రైలెక్కి చెన్నై సెంట్రల్లో దిగాను. రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో లోకల్ పట్టుకుని, నుంగంబాకంలో దిగి, స్టేడియం దాకా నడిచాను. ఇరవై ఏళ్ల పాటు, 2017 దాకా, పెద్ద ఏటీపీ టోర్నీ నడిచిన చోటు అది. 2008 ఫైనల్లో నాదల్ అంతటివాడు యూజ్నీ చేతిలో 6-0, 6-1తో ఓడింది అక్కడే. ఆ టోర్నీ పుణె వెళ్లిపోయాక అదే కోర్టుకి చాలెంజర్ వచ్చింది. ఆ రోజు ఫైనల్ సుమిత్ నాగల్‌కీ, ఇటలీ కుర్రాడు లూకా నార్డీకీ.

నాగల్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. అంతకు అయిదారు నెలల ముందే తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలున్నాయని బయటికి చెప్పుకున్నాడు. ఆ జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్లో బుబ్లిక్‌ని ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మనవాడు ఒక సీడెడ్ ఆటగాణ్ని ఓడించడం 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత అదే. అలాంటి మనిషి మన పక్క ఊళ్లో ఫైనల్ ఆడుతుంటే గ్యాలరీ ఊరుకుంటుందా? చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరి నోటా "నాగల్, నాగల్". నేనూ గొంతు పోయేలా అరిచాను. 6-1, 6-4తో గెలిచాడు. మర్నాడు వచ్చిన ర్యాంకుల్లో 98. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది ఉంటే, క్వాలిఫయర్లకి పదహారు, వైల్డ్‌కార్డులకి ఎనిమిది పోగా, ర్యాంకుతో నేరుగా అడుగుపెట్టేది 104 మంది. ఆ గీతకి అవతల ఉన్నవాడు ఇవతలికి వచ్చాడన్నమాట. అక్కడ మొదటి రౌండ్లో ఓడినా చేతికొచ్చే డబ్బు, చెన్నైలో టైటిల్ గెలిస్తే వచ్చినదానికి మూడింతలకు పైనే. ఒక్క ఆదివారం ఒక మనిషి ఏడాదినే మార్చేయడం నా కళ్లతో చూశాను. ఆ సంతోషం ఇప్పటికీ అలాగే ఉంది.

రాత్రి ఇంటికొస్తే మీ నాన్న అడిగాడు, "అక్కా, ఆ రెండోవాడు ఎలా ఆడాడు? బ్యాక్‌హ్యాండ్ ఒంటిచేత్తోనా, రెండు చేతులతోనా?"

నా దగ్గర జవాబు లేదు. అంతసేపు ఎదురుగా కూర్చుని చూసిన మనిషి బ్యాక్‌హ్యాండ్ ఎలాంటిదో నాకు తెలియలేదు. ఆ అబ్బాయికి అప్పటికి ఇరవై ఏళ్లు. ఊరు కాని ఊరు, తనకోసం చప్పట్లు కొట్టే చేతులు లెక్కకి పదుండవు. అతను కొట్టిన బంతి నెట్టుకి తగిలినప్పుడల్లా నేను సంబరపడి చప్పట్లు కొట్టాను. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

సరిగ్గా నెల తిరిగింది. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ ఫోన్ చూస్తే, ఇండియన్ వెల్స్‌లో జొకోవిచ్ ఓడిపోయాడు. ఓడించింది లూకా నార్డీ. 6-4, 3-6, 6-3. క్వాలిఫయింగ్‌లో ఓడి ఇంటికి పోవాల్సినవాడు, ఎవరో తప్పుకుంటే లక్కీ లూజర్‌గా డ్రాలోకి వచ్చాడు. ర్యాంకు 123. తన గది తలుపు మీద జొకోవిచ్ పోస్టర్ అంటించుకున్న పిల్లవాడట. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా నేను ఆ ఫోటోనే చూస్తూ నిలబడ్డాను. నుంగంబాకంలో నా ముందు నిలబడ్డ మనిషే. అతనిలో ఏముందో ఆ రోజే చూసి ఉండాల్సింది, నేను చూడలేదు.

అందుకే చిన్నా, ఆదివారం ఫైనల్లో మనవాడే ఉండొచ్చు, ఇద్దరూ పరాయివాళ్లే కావచ్చు, ఎవరున్నా సరే. ఒక్కో సెట్‌లో రెండు గేములు పక్కన పెట్టుకో. ఆ రెండు గేములూ బంతి వెంట తల తిప్పకు. ఒక గేమంతా ఒకణ్నే, ఇంకో గేమంతా రెండోవాణ్నే చూడు. మొదట్లో మెడ దానంతటదే తిరిగిపోతుంది, పట్టి ఉంచు. అప్పుడు పాదాలు కనిపిస్తాయి. అవతలివాడి రాకెట్ బంతికి తగిలే క్షణాన ఇవతలివాడు రెండు కాళ్ల మీదా చిన్న గెంతు వేస్తాడు. ఏ వైపుకైనా కదలడానికి సిద్ధంగా ఉండాలని. టీవీ కెమెరా పైనుంచి చూపిస్తుంది కాబట్టి మనం దాన్ని పట్టించుకోము. అలసినా, మనసు చెదిరినా ఆ గెంతు కొంచెం ఆలస్యమవుతుంది, లేదా మాయమైపోతుంది. స్కోరు బోర్డు చెప్పకముందే ఆ పాదాలు చెప్తాయి. వెనకబడ్డవాడి కాళ్లు ఇంకా గెంతుతున్నాయా లేదా, అది చూడు.

సర్వీసుకి ముందు మూడు బంతులు అడిగి తీసుకుని, చేతిలో తిప్పి చూసి, ఒకటి వెనక్కి పంపేస్తారు. నూగు లేచిన బంతి గాలిలో నెమ్మదిస్తుంది, నునుపుగా ఉన్నది వేగంగా పోతుంది. ఆ చిన్న లెక్క వాళ్లు ప్రతి పాయింటుకీ వేస్తారు. మొదటి ఏడు గేముల తర్వాత, ఆపైన ప్రతి తొమ్మిది గేములకీ కొత్త బంతులు. కొత్త బంతితో సర్వీస్ చేసేవాడు దాన్ని చేతిలో ఎత్తి అవతలివాడికి చూపిస్తాడు, "ఇది కొత్తది, జాగ్రత్త" అన్నట్టు. ఎంత పంతం మీద ఆడుతున్నా ఆ మర్యాద తప్పదు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అది. కోర్టుకి దగ్గరగా కూర్చుంటే మోత కూడా మారినట్టు వినిపిస్తుంది, కాసేపు కళ్లు మూసుకుని విను.

వీలైతే మొదటి సెట్ బేస్‌లైన్ వెనక, కింది వరసలో కూర్చో. బంతి ఎంత తిరుగుతోందో, నెట్టు మీదుగా ఎంత ఎత్తులో దాటుతోందో అక్కణ్నుంచే తెలుస్తుంది. పక్క గ్యాలరీకి మారాలంటే ఆటగాళ్లు వైపులు మారేటప్పుడే లేవాలి, పాయింటు నడుస్తుంటే కదలకూడదు. ఫోన్ మోగకుండా పెట్టుకో. గొడుగు వద్దు, వెనకవాళ్లకి అడ్డం. టోపీ చాలు, నీళ్ల సీసా మర్చిపోకు. కుదిరితే శనివారం కూడా వెళ్లు. డబుల్స్ ఫైనల్ ఎక్కువగా ఆ రోజే పెడతారు, మన సాకేత్ ఇన్నేళ్లూ నిలబడింది ఎక్కువగా డబుల్స్ మీదే.

ఇంకొక్కటి, ఇది మాత్రం అత్త మాటగా పాటించు. డబుల్ ఫాల్ట్‌కి చప్పట్లు కొట్టకు. నీ పక్కన వెయ్యిమంది కొట్టినా నువ్వు కొట్టకు. అవతలివాడు తప్పు చేస్తే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో. మంచి దెబ్బ ఎవరు కొట్టినా మనస్ఫూర్తిగా కొట్టు. ఆట అయిపోయి కప్పు ఇచ్చేటప్పుడు జనమంతా గెలిచినవాడి వైపు తోసుకుంటారు. ఆ గోలలో రెండోవాడు రాకెట్లు సంచిలో సర్దుకుంటూ, తువ్వాలు మడుచుకుంటూ ఉంటాడు. అతను బయటికి నడిచే దారి ఎటో ముందే చూసి పెట్టుకుని అక్కడ నిలబడు. ఏమీ మాట్లాడక్కర్లేదు, దాటేటప్పుడు చప్పట్లు కొట్టు. చిన్న టోర్నీల్లో ఆటగాళ్లు మనకి అంత దగ్గరగానే నడిచి వెళ్తారు.

మీ నాన్న నీకు డబ్బులు పంపుతానన్నాడు, పరీక్ష ఫీజు సంగతి వాడికి నేను గుర్తు చేశాను. గోంగూర పచ్చడి సీసా వచ్చే వారం వచ్చేవాళ్ల చేత పంపిస్తాను.

ఆదివారం రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను. ఎవరు గెలిచారో నేను ఫోన్లో చూసుకోగలను. ఓడినవాడి బ్యాక్‌హ్యాండ్ ఎలా ఉందో నువ్వు చెప్పాలి.

ఇట్లు,
మీ అత్త