తెలియకపోవడంలో మూడు రకాలు

కొన్నేళ్ల కిందట మా శాఖలో పింఛన్ల పని నేను చూసేదాన్ని. రైల్వే పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒక మాస్టారు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోవడంతో పింఛను ఆగింది. ఎందుకు ఆగిందని ఆయన ఉత్తరం రాస్తే, ‘యు వర్ ఇగ్నొరెంట్ ఆఫ్ ది రూల్’ అని జవాబు రాశాను. ‘మీకు నియమం తెలియదు’ అనడమే నా ఉద్దేశం.

వారం తర్వాత చేతికర్ర ఊతంగా ఆయనే వచ్చారు. నా ఉత్తరం బల్లమీద పెట్టి, “అమ్మా, నేను అజ్ఞానినా?” అన్నారు.

నాకు నోట మాట రాలేదు.

“నవంబరులో ఇవ్వాలని తెలుసమ్మా, ఏటా ఇస్తూనే ఉన్నాను. ఈసారి కాలు విరిగి మంచాన పడ్డాను. ఇంటి నుంచే ఫోనులో ముఖం చూపించి ఇవ్వొచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. దాన్ని అన్‌అవేర్ అంటారు.”

ఆ రోజు ఆయన చెప్పిన పాఠం ఇది. ‘ఇగ్నొరెంట్’లోని ‘గ్నో’, మన ‘జ్ఞా’ ఒకే మూలం నుంచి వచ్చాయి. అందుకే ఆ మాట మనిషి చదువునే తక్కువ చేసినట్లు తగులుతుంది. ‘అన్‌అవేర్’ అంటే ఆ ఒక్క సంగతి చెవిన పడలేదని మాత్రమే. దాని తర్వాత ‘ఆఫ్’ వస్తుంది. చివర ‘స్’ చేర్చి ‘అన్‌అవేర్స్’ అంటే ‘ఏమరుపాటున’ అని అర్థం.

మూడో మాట ‘అబ్లివియస్’. లాటిన్‌లో దాని మూలానికి అర్థం మరపు. విషయం కళ్లెదుటే ఉన్నా పట్టనివారికి వాడతారు. తర్వాత ‘టు’ గానీ ‘ఆఫ్’ గానీ రావచ్చు.

“ఉదాహరణ చెప్పండి మాస్టారూ” అంటూ తలెత్తాను. ఎదుటి గోడమీద జీవన్ ప్రమాణ్ పోస్టరు! ముఖ గుర్తింపు సదుపాయం 2021లోనే వచ్చింది. రోజూ ఆ పోస్టరు ముందు కూర్చునే నేను ఒక్క పింఛనుదారుకూ ఆ సంగతి చెప్పలేదు.

ఉదాహరణ నేనే.

ఆయన సర్టిఫికెట్ అప్పుడే నమోదు చేశాను. ఉత్తరం మార్చి రాసి, క్షమాపణ చెప్పి ఇచ్చాను. ఆయన చదివి, ఒక కామా దిద్ది, జేబులో పెట్టుకున్నారు.

మీ ఇంట్లో పింఛను తీసుకునే పెద్దలుంటే, ఈ సదుపాయం సంగతి ఈరోజే చెప్పండి.