స్లో నిలువని ఇంజను: డాట్సన్ 280జెడ్ పరీక్షా విధానము

వాహనము నిలిచియున్నపుడు, యాక్సిలరేటరును తాకకయే ఇంజను నెమ్మదిగా తిరుగుటను ఐడిలింగ్ అందురు. మన షెడ్లలో దీనికే 'స్లో' అని పేరు. ఈ స్లో నిలువక ఇంజను వణకుచున్నచో దోషమును కనుగొను విధమును ఒక పాత స్పోర్ట్స్ కారు ద్వారా పరిశీలింతము. అది జపాను దేశపు డాట్సన్ 280జెడ్. 1975 నుండి 1978 వరకు మోడళ్లుగా అమెరికాలో అమ్ముడైన ఈ కారు యొక్క ఆరు సిలిండర్ల, 2.8 లీటర్ల ఇంజనునకు కార్బ్యురేటరు లేదు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ వారి ఎల్-జెట్రానిక్ ఇంజెక్షను పద్ధతి కలదు.

లోనికి వచ్చు గాలి మీటరులోని రెక్కను నెట్టును. ఆ రెక్క తిరిగిన మేరను బట్టి కంట్రోలు యూనిట్టు పెట్రోలును కొలిచి యిచ్చును. కావున రెక్కను దాటక దొంగదారిన చొరబడిన గాలి లెక్కకు రాదు, దానికి తగిన పెట్రోలు లభింపదు. మిశ్రమము పలుచబడి ఇంజను వణకును.

మొదట దోషము ఒక సిలిండరుదా, అన్నింటిదా తేల్చుకొనవలెను. ఇంజను తిరుగుచుండగా ఇంజెక్టర్ల తీగలను ఒక్కొక్కటిగా ఊడదీసి మరల తగిలించవలెను. ఏ తీగ తీసినను వేగము తగ్గనిచో ఆ సిలిండరునందే లోపము: ప్లగ్గో, ఇంజెక్టరో, వాల్వుల సందో చూచుకొనవచ్చును. అన్నింటను సమానముగా తగ్గినచో గాలిని అనుమానింపవలెను.

మీటరునుండి థ్రాటిలు వరకుగల రబ్బరు గొట్టము మడతలలో, క్రిందివైపున పగులును. పైనుండి చూచిన కనబడదు. ఇక ఆశ్చర్యము గొలుపునది ఆయిలు పోయు మూత. క్రాంకుకేసులోని ఆవిరిని ఇంజను మరల పీల్చుకొనును గనుక ఆ మూత, ఆయిలు కొలిచే కడ్డీ బిగువుగా లేకున్నను లెక్కలేని గాలి చొరబడును. ఈ గుణమే మనకు పరీక్షగా ఉపకరించును. ఇంజను తిరుగుచుండగా మూత తీయుడు. ఇంజను తడబడి ఆగబోయినచో వ్యవస్థ బిగువుగా నున్నది. ఏ మార్పును లేనిచో అప్పటికే వేరొక చోట గాలి చొరబడుచున్నది. పగులు వెదకుటకు వేడి ఇంజనుపై పెట్రోలు చల్లువారు కలరు. అది నిప్పుతో చెలగాటము. రబ్బరు గొట్టమొకటి చెవికి ఆనించి బుసను వినుట మేలు.

చల్లని ఇంజను బాగుగా తిరిగి, వేడెక్కిన పిదప వణకినచో గాలి చొరబాటును శంకింపవలెను. చల్లనివేళ యిచ్చు అదనపు పెట్రోలు దానిని కప్పిపుచ్చును. ప్లగ్గులు మసిబారి పెట్రోలు వాసన వచ్చినచో నీటి ఉష్ణోగ్రతను తెలుపు సెన్సారును చూడవలెను. దాని నిరోధము 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 2.5 కిలో ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 0.3 కిలో ఓము. తీగ కొసన తుప్పు పట్టి నిరోధము పెరిగినచో, ఇంజను ఇంకను చల్లగా నున్నదని యూనిట్టు భ్రమించి పెట్రోలు అధికముగా పోయును.

దోషము తోచనప్పుడు యూనిట్టునే నిందించి వేలు వెచ్చించుట పలువురి అలవాటు. తన లోపమును తాను తెలుపు శక్తి దానికి లేదు. పై పరీక్షలన్నియు ముగియునంతవరకు దానిని కదలింపరాదు. ఇంకొందరు మీటరు మూత విప్పి లోని పంటిచక్రమును త్రిప్పి రెక్క బిగువును సడలింతురు. వణకు తగ్గును గాని పగులు అట్లే యుండును. అట్టి కారు చేతికి వచ్చినచో పగులు మూసిన పిమ్మట ఆ చక్రమును పూర్వస్థానమునకు త్రిప్పవలెను. లేనిచో ఇంజను నల్లని పొగ క్రక్కును.